లేబుల్ చెరిగిపోయిన కీబోర్డు, మౌస్ ఏ మోడలో లైనక్స్‌లో ఎలా తెలుసుకోవాలి?

నమస్తే అండి. అమలాపురంలో మీ ఆఫీసులో రెండు పాత ఉబుంటు మిషన్లు ఉన్నాయి, కీబోర్డు, మౌసుల అడుగున స్టిక్కర్లు చెరిగిపోయాయి, అచ్చం అవే మళ్లీ కొనాలి, మోడల్ సిస్టమ్ నుంచే తెలుస్తుందా అని అడిగారు. చాలామటుకు తెలుస్తుందండి. కాకపోతే సిస్టమ్ చూపించే పేరును చూసి వెంటనే కొనేయకండి. పక్కన ఉండే నంబరు ముఖ్యం. ఇది నాకు డబ్బు పోయాక తెలిసింది.

మాది అంబాజీపేట, డీటీపీ, జిరాక్స్ షాపు. మూడు మిషన్లూ లైనక్స్ మింటే. తెలుగు టైపింగంతా మా వదిన చేస్తుంది, ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో. అందులో ప్రతి వత్తుకీ ముందు పొల్లు కొట్టాలి, ఆ పొల్లు డీ కీ మీద ఉంటుంది. శుభలేఖ మీద ‘శ్రీరస్తు శుభమస్తు’ అనే ఒక్క ముక్కకే డీ మూడుసార్లు కొట్టాలి. మాఘమాసం ముహూర్తాలకి రోజుకి ఎన్ని శుభలేఖలు వస్తాయో మీకు తెలియంది కాదు. ఆవిడ కీబోర్డు మీద డీ అక్షరం ఎప్పుడో అరిగిపోయింది, ఒక పెళ్లిళ్ల సీజను మధ్యలో ఆ కీ నొక్కితే పైకి లేవడం మానేసింది. రెండు రోజులు వేరే కీబోర్డు ఇచ్చి చూశాను. కీలు ఎత్తుగా ఉన్నాయి, వేళ్లు పడటం లేదు, నాకు పాతదే కావాలి అంది. అడుగున చూస్తే, ఏళ్ల తరబడి స్పిరిట్ గుడ్డతో తుడిచి తుడిచి లేబుల్ తెల్ల కాగితమైపోయింది.

అప్పుడు నేర్చుకున్నవే ఇవి. టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి. ఇంగ్లిషులో అయిదు అక్షరాలు, అన్నీ చిన్నబడిలో, మధ్యలో ఖాళీ ఉండకూడదు. యూఎస్‌బీకి తగిలించినవన్నీ వరసగా వస్తాయి. ప్రతి వరసలో ఐడీ అని రాసి నాలుగంకెలు, కోలన్, మళ్లీ నాలుగంకెలు ఉంటాయి. ఈ అంకెల్లో ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా కలుస్తాయి. మొదటి నాలుగూ కంపెనీవి, తర్వాతి నాలుగూ ఆ వస్తువువి. ఉదాహరణకి మా రెండో మిషన్‌కి 046డి:సి31సి అని వస్తుంది. 046డి అంటే లాజిటెక్, సి31సి అంటే కే120 కీబోర్డు. 413సి అంటే డెల్. దాని తర్వాత 2113 ఉంటే కేబీ216 కీబోర్డు, 301ఏ ఉంటే ఎంఎస్116 మౌసు. ఇలా వస్తే ఇంక వెతుకులాట లేదు, ఆ మోడల్ పేరు చెప్పి కొనుక్కోవచ్చు.

ఏ వరస దేనిదో తెలియకపోతే సుడో డీమెసేజ్ హైఫన్ డబ్ల్యూ నడపండి (సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపమని; డీమెసేజ్‌లో డీ తర్వాత ఎం, ఈ, ఎస్, జీ మాత్రమే ఉంటాయి). అది అలా నడుస్తుండగానే కీబోర్డు పీకి మళ్లీ పెట్టండి. అప్పటికప్పుడు కింద నాలుగైదు వరసలు పడతాయి. ఐడీవెండర్, ఐడీప్రోడక్ట్ అని నంబర్లు, ఆ కింద ప్రోడక్ట్, మాన్యుఫ్యాక్చరర్ అని ఆ వస్తువు తనంతట తాను చెప్పుకునే పేర్లు. వదిన కీబోర్డు నంబరు నాకు దొరికింది ఇక్కడే. ఆ ఎనిమిది అంకెలూ నెట్‌లో వెతికితే మోడల్ వచ్చింది.

ఇక నేను నష్టపోయిన సంగతి. అదే ఊపులో పాత మౌసు కూడా మార్చుదామని చూస్తే, ఎల్ఎస్‌యూఎస్‌బీలో నేనెప్పుడూ వినని కంపెనీ పేరు, పక్కన ఆప్టికల్ మౌస్ అని వచ్చింది. ఆ కంపెనీ మౌసే కావాలని రాజమండ్రి దాకా వెళ్లాను. మూడు షాపులు తిరిగాను, ఎక్కడా లేదు. చివరికి దగ్గరగా ఉందన్నది ఒకటి తెచ్చాను, అది వదిన చేతికి చిన్నదైపోయింది. తర్వాత తెలిసింది, చౌక మౌసుల్లో చాలావాటికి డబ్బా మీద ఒక పేరు, లోపలి చిప్పుకి ఒక పేరు ఉంటాయని. 093ఏ అని మొదలైతే అది పిక్సార్ట్, తైవాన్‌లో మౌస్ సెన్సార్లు చేసే సంస్థ. మీకు అలాంటిది కనిపిస్తే మోడల్ దొరకలేదనే అర్థం. చిప్పు దొరికింది, అంతే. అప్పుడు పాత మౌసునే సంచిలో వేసుకుని షాపుకి వెళ్లి, పక్కపక్కన పెట్టి, చేత్తో పట్టుకుని చూసి కొనడం ఒక్కటే దారి.

వైరు లేని సెట్టయితే ఇంకో చిక్కు. ఎల్ఎస్‌యూఎస్‌బీలో కనపడేది వెనక గుచ్చిన రిసీవర్ మాత్రమే. 046డి:సి52బి అని వస్తే అది లాజిటెక్ యూనిఫైయింగ్ రిసీవర్, దానికి ఆరు వస్తువుల దాకా జతచేయొచ్చు. సోలార్ అనే ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేస్తే (పేరులో రెండు ఏలు ఉంటాయి, ఉబుంటు సాఫ్ట్‌వేర్‌లోనే దొరుకుతుంది) దాని వెనకున్న కీబోర్డు, మౌసుల అసలు పేర్లు చూపిస్తుంది. ఇది లాజిటెక్ వాటికే.

మీ మిషన్లు పాతవన్నారు కాబట్టి గుండ్రటి పిన్ను కూడా ఉండొచ్చు, కీబోర్డుకి ఊదా రంగు, మౌసుకి ఆకుపచ్చ. వాటిని పీఎస్2 అంటారు. ఇవి ఎల్ఎస్‌యూఎస్‌బీలో రావు. క్యాట్ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ ప్రాక్ (పీ, ఆర్, ఓ, సీ) స్లాష్ బస్ స్లాష్ ఇన్‌పుట్ స్లాష్ డివైసెస్ అని ఇస్తే ‘ఏటీ ట్రాన్స్‌లేటెడ్ సెట్ 2 కీబోర్డ్’ అని కనపడుతుంది. దయచేసి ఆ పేరుతో కొనడానికి వెళ్లకండి. అది కెర్నెల్ (లైనక్స్ లోపలి అసలు భాగం) పెట్టుకున్న పేరు, చాలా ల్యాప్‌టాప్‌ల సొంత కీబోర్డుకీ అదే వస్తుంది. ఈ రకం కీబోర్డు తాను కీబోర్డునని మాత్రమే చెప్పగలదు, కంపెనీ, మోడల్ చెప్పే ఏర్పాటే అందులో లేదు. ఇంకోటి, గుండ్రటి పిన్ను పీకేముందు మిషన్ ఆపేయండి. యూఎస్‌బీలా నడుస్తుండగా పీకి పెట్టడానికి చేసింది కాదది.

క్యాట్ కొడితే వచ్చే అదే లిస్టులో ఒకే యూఎస్‌బీ కీబోర్డు రెండు మూడు చోట్ల కనపడితే కంగారుపడకండి. వాల్యూమ్, పవర్ కీలని విడిగా చూపిస్తుంది. వెండర్, ప్రోడక్ట్ నంబర్లు ఒకటే అయితే వస్తువూ ఒకటే.

మా షాపులో ఇప్పుడు కొత్తది కొన్న రోజే ఆ ఎనిమిది అంకెలూ, మోడల్ పేరూ చీటీ మీద రాసి సీపీయూ పక్కన సెల్లో టేపుతో అంటిస్తున్నాను. కీబోర్డు కింద అంటిస్తే ఈ తేమకి, చేతి చెమటకి నిలవదు.

మీ రెండు మిషన్లలో ఎల్ఎస్‌యూఎస్‌బీ చూపించిన వరసలు ఇక్కడ రాయండి. మౌసు వైరుదో, రిసీవర్‌దో కూడా చెప్పండి. ఏ నంబరు దేనిదో చూసి చెబుతాను.