చీరను ఫోటో తీసి చూశావా?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి పెళ్లి ఫోటోలు తీస్తానన్నావని, సెకండ్ హ్యాండ్‌లో నికాన్ కెమెరా జెడ్6 కొనాలా జెడ్7 కొనాలా అని నిద్ర మానుకున్నావని మీ అమ్మ ఫోనులో ఒకటే ఏడుపు. నాకు లోలోపల గర్వంగానే ఉంది. ఆ మాట ఆమెతో అనకు.

రెండూ 2018 నాటివే, రెండింటిలోనూ వెలుగును పట్టే పలక, అదే సెన్సరు, 36×24 మిల్లీమీటర్లే. అదే మడిలో జెడ్6 2.45 కోట్ల పిక్సెళ్లు నాటితే, జెడ్7 4.57 కోట్లు ఒత్తుగా నాటింది. తెర మీద నూరు శాతానికి పెంచి చూసి, జెడ్7లో నాయిస్, అంటే ఇసక చల్లినట్టు కనబడే చుక్కలు, ఎక్కువని తేల్చేయకు. ఒకే కొలతలో ప్రింటు వేస్తే తేడా వెతుక్కోవాలి. రెండింటినీ పోల్చేటప్పుడు ఒకే లెన్సు, ఒకే వెలుగు, ట్రైపాడ్, కెమెరా మెరుగులు దిద్దని రా ఫైలు: ఇవన్నీ నీకు తెలిసినవే.

జెడ్6 సెన్సరు ముందు లో పాస్ ఫిల్టర్ ఉంటుంది, సన్నని వివరాన్ని పిసరంత మెత్తబరుస్తుంది. జెడ్7కు అది లేదు. పదేళ్ల కిందట నేనూ ఫిల్టర్ లేని కెమెరా ఒకటి కొన్నాను. కొనేముందు పాతదానితోనూ దానితోనూ గోడగడియారాన్ని, క్యాలెండర్‌ను తీసి, అంకెల పదును చూసి మురిసిపోయాను. గుడ్డను తీసి చూడాలని తోచలేదు. మొదటి పెళ్లిలోనే పెళ్లికూతురి పట్టుచీర మీద ఆకుపచ్చ, గులాబీ అలలు తేలాయి. నేత పోగుల వరుసకూ సెన్సరు గళ్ల వరుసకూ పొంతన కుదరక పుట్టే అలలవి, మోయిరే అంటారు. ఫిల్ములో రేణువులకు వరుసే ఉండదు, అందుకే ఆ రోజుల్లో ఎన్నడూ చూడలేదు. కెమెరా వెనక చిన్న తెర మీదా కనబడలేదు. పెళ్లికూతురి తండ్రి ఆల్బమ్ తెరిచి, ఫోటోలోని చీరను వేలితో తడిమి, "రంగు వెలిసిందా బాబూ?" అన్నాడు. ఆ చీర కోసం ధర్మవరం దాకా వెళ్లి వచ్చాడట. రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని ఒక్కో ఫోటోలో ఆ రంగులు తుడిచాను. రంగు పోయింది, చారలు మిగిలాయి. ఆ పేజీలు నా ఖర్చుతోనే మళ్లీ వేయించి ఇచ్చాను.

అందుకే, మీ అమ్మ పెళ్లిచీర బీరువాలోంచి తీయించు. దూరం మారుస్తూ రెండు కెమెరాలతోనూ తీయి, మూడడుగుల దగ్గర లేని అల ఆరడుగుల దగ్గర లేవవచ్చు. ఆ చీరలో అక్కను తీసింది నేనే. 36 ఫ్రేముల రీలులో రెండే బాగా వచ్చాయి. మడతల దగ్గర పట్టు బలహీనపడి ఉంటుంది, మెల్లగా విప్పు. చిరిగితే తిట్లు నాకే.

వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె ఐఎస్ఓ, జెడ్7లో అది 64 నుంచే మొదలవుతుంది, కొండలకూ గుడి శిల్పాలకూ అది బంగారం. పెళ్లిళ్లకైతే నా ఓటు జెడ్6కే.

అన్నట్టు, రెండింటికీ కార్డు పెట్టే చోటు ఒక్కటేనట! ఆ ఒక్క కార్డు చెడితే రెండో ప్రతి ఉండదు కదా, వినగానే నాకు చెమటలు పట్టాయి. జీలకర్ర బెల్లం కాగానే కార్డు మార్చు, మాంగల్యధారణ కాగానే మళ్లీ మార్చు. తీసిన కార్డు ఎవరి చేతికీ ఇవ్వకు, చొక్కా లోపలి జేబులో పెట్టి గుండీ పెట్టుకో.

ఆదివారం నేనే వస్తున్నాను. అక్కతో నేను మాట్లాడతాను, నువ్వు మధ్యలో నోరు విప్పకు.