నది లేని దేశంలో నీళ్లెక్కడివి?

ప్రశ్న: పసిఫిక్‌లోని టువాలులో నది గానీ వాగు గానీ లేదట. మరి తాగునీళ్లెలా? మా మింజూరు బావుల్లోకి ఉప్పునీరు చొరబడినట్టు అక్కడా జరుగుతుందా?
– ఓ పాఠకురాలు, మింజూరు, చెన్నై

జవాబు: జరుగుతుంది. పైగా మనకున్నట్టు లోపలి ఊళ్ల నుంచి నీళ్లు తెచ్చుకునే వీలు వాళ్లకు లేదు. తొమ్మిది దీవులూ కలిపినా 26 చదరపు కిలోమీటర్లే. పగడపు నేల జల్లెడలాంటిది. పడిన వాన కిందికి దిగి, ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి దానిమీద పలచని పొరలా తేలుతుంది. గట్టిగా తోడితే అడుగునున్న ఉప్పు పైకొస్తుంది.

ఆ పొర తగిలేదాకా గుంటలు తవ్వి, ఆకులు ఎరువుగా వేసి, చేమ జాతి దుంప పులకను పండిస్తారు. పెద్ద పోటు వచ్చినప్పుడు సముద్రం గుంటలోకి ఊరితే దుంప కుళ్లిపోతుంది. వానలు ఆ ఉప్పును కడిగేదాకా గుంట పనికిరాదు.

అందుకే తాగడానికి చూరునీళ్లే ఆధారం. తమిళనాడులో 2003లో తప్పనిసరి చేసిన ఇంకుడుగుంతల పద్ధతి అక్కడ సరిపోదు. ఇంకిన నీరు చాలావరకు సముద్రం పాలవుతుంది కనుక తొట్టెల్లో పట్టి దాచాల్సిందే. లెక్క చూడండి: వంద చదరపు మీటర్ల కప్పుమీద ఒక మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్లు. తరుగు పోగా ఎనభై అనుకోండి. రాజధాని ఫునాఫుటిలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగానే కురుస్తుంది. కాబట్టి కొరత వానది కాదు, నిల్వది. ఆరుగురున్న ఇల్లు మనిషికి యాభై లీటర్ల చొప్పున వాడితే పదివేల లీటర్ల తొట్టి 33 రోజుల్లో ఖాళీ. పసిఫిక్ నడిమి నీళ్లు చల్లబడే లానినా వస్తే నెలల తరబడి వానలు బాగా తగ్గిపోవచ్చు. 2011లో అలాగే అత్యవసర పరిస్థితి ప్రకటించారు. చూరుకింది కాలువ వంగినా, ఆకులు అడ్డుపడినా పడిన వాన కూడా తొట్టికి చేరదు. ముందు చూసుకోవాల్సింది అదే.

ప్రశ్న: ఇంత చిన్న దేశానికి రాబడేమిటి? పాలించేదెవరు?
– ఓ విద్యార్థి, ఆవడి

జవాబు: రాబడిలో పెద్ద వాటా సముద్రానిదే. ట్యూనా చేపలు పట్టే విదేశీ నౌకలకు రోజుల లెక్కన అనుమతులు అమ్ముతారు. దేశానికి దక్కిన ‘డాట్ టీవీ’ ఇంటర్నెట్ చిరునామా మీద, 1987లో ఏర్పడిన ట్రస్ట్ నిధి మీద కూడా డబ్బొస్తుంది. వాడేది ఆస్ట్రేలియా డాలరు.

1978 అక్టోబరు 1న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. దేశాధినేత మాత్రం ఇప్పటికీ రాజు ఛార్లెస్. పార్టీల్లేవు, పార్లమెంటులో 16 మంది. ఎనిమిది దీవులకు ఇద్దరేసి. తొమ్మిదోదైన నియులాకిటా చాలా చిన్నది, అక్కడి ఓటు నియుటావో కిందికి వస్తుంది.