భర్తీ చేయాలా, తీసి పెట్టాలా?

సందేహం: మా బడి పిల్లలకు కంప్యూటర్‌లో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్ నేర్పుతున్నాను. పది జిల్లాల పాత తెలంగాణ పటాన్ని ఇప్పటి జిల్లాలకు తగ్గట్టు దిద్దే పాఠం ఒకటి తెలుగులో రాసుకున్నాను. ‘ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఉపయోగించి సదిశ చిత్రంలోని పాత మెదక్‌ను మూడు కొత్త జిల్లాలతో భర్తీ చేసి, ఫైలును దాచండి’ అన్నది అందులో మొదటి వాక్యం. తోటి మాస్టారు చదివి ‘ఇది తెలుగేనా?’ అన్నారు. తప్పెక్కడుంది?

– ఒక ఉపాధ్యాయిని, సిద్దిపేట

సమాధానం: మాటలన్నీ మన వాడుకలో ఉన్నవేనమ్మా. వాక్యానికే తెలుగు నడక లేదు. ముందు ‘భర్తీ’ సంగతి చూద్దాం.

భర్తీ అంటే నింపడం. హిందీ, ఉర్దూల ‘భర్నా’కు చుట్టం. ఉద్యోగ ఖాళీలను భర్తీ చేస్తారు, లోటును భర్తీ చేస్తారు. ముందొక ఖాళీ ఉంటేనే ఆ మాటకు పని. కుర్చీలో మనిషి కూర్చుని ఉండగా ఆ పోస్టును ఎవరూ భర్తీ చేయరు. మీ పటంలో పాత మెదక్ నిక్షేపంలా కూర్చునే ఉంది కదా! పైగా ఇంక్‌స్కేప్‌లో ఆకారం లోపల రంగు నింపడానికి ‘ఫిల్’ అని వేరే ఉంది. భర్తీ చేయమంటే మెదక్‌కు రంగు పోయమన్నారని ఏ పిల్లవాడైనా అనుకుంటే వాడి తప్పు కాదు.

రెండోది ఆ ‘తో’. ‘పాలతో పాయసం చేసింది’, ‘అన్నతో సంతకు వెళ్లాడు’. తోడు, సాధనం ఈ విభక్తికి సహజం. ఒకటి పోయి ఇంకొకటి వచ్చేచోట మనవాళ్లు ‘బదులు’ అంటారు, ‘స్థానంలో’ అంటారు. అంతకంటే ఎక్కువగా రెండు క్రియలు వాడతారు: పాత పెంకు తీసి కొత్త పెంకు వేశారు, మాడిపోయిన బల్బు తీసేసి ఇంకోటి పెట్టారు. తీయడం, పెట్టడం. చేతి పని రెండు అంచెల్లో జరుగుతుంది, తెలుగు వాక్యమూ అలాగే నడుస్తుంది.

‘మార్చండి’ అంటే చాలదా అంటారేమో. చొక్కా మార్చుకున్నాడంటే ఒకటి విప్పి ఇంకోటి తొడుక్కున్నాడని. వేషం మార్చాడంటే మనిషి మాత్రం అతనే. ఇంక్‌స్కేప్‌లో ఈ రెండు పనులూ ఉన్నాయి. గీత మీది బిందువులను, అంటే నోడ్‌లను, పట్టుకుని లాగి ఉన్న ఆకారాన్నే సవరించవచ్చు, లేదా దాన్ని తీసిపారేసి కొత్తది పెట్టవచ్చు. ఏది చేయాలో ‘మార్చండి’ తేల్చి చెప్పదు. లెక్కల మాస్టారు వాడే ‘ప్రతిక్షేపించు’ను ఆయన తరగతికే వదిలేద్దాం.

దీనికి వ్యాకరణంలో చక్కని మాట ఉంది: ఆదేశం. ‘మిత్రవదాగమః, శత్రువదాదేశః’ అని పాఠశాలల్లో వల్లె వేయించేవారు. ఆగమం స్నేహితుడిలా వచ్చి పక్కన చేరుతుంది. పేద, ఆలు కలిసి ‘పేదరాలు’ అయినప్పుడు రేఫ వచ్చిందే గాని దేన్నీ తరమలేదు. ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదాన్ని వెళ్లగొట్టి అక్కడ కూర్చుంటుంది. ‘వాడు కొట్టె’ కాస్తా ‘వాడుగొట్టె’ అయినప్పుడు క పోయింది, గ వచ్చింది. మీ పిల్లలు పాత మెదక్ పైన కొత్త ముక్కలు అంటించి వదిలేస్తే అది ఆగమం. అడుగున పాత హద్దు గీత తొంగి చూస్తూనే ఉంటుంది. మీకు కావలసింది ఆదేశం: గుంపు విడదీసి, పాత ఆకారాన్ని ఎంచుకుని, తొలగించి, ఆ తర్వాత కొత్తవి తేవడం.

పాణిని ఇంకాస్త ముందుకెళ్లాడు. వెళ్లిపోయినదాన్ని ‘స్థాని’ అన్నాడు. అక్షరాన్ని ఆశ్రయించిన పనుల్లో తప్ప, ఆదేశాన్ని స్థానిలాగే చూడాలన్నాడు. ఇంక్‌స్కేప్ బొమ్మ ఉండే ఎస్‌వీజీ ఫైలులో దీనికి పోలిక ఉంది. పాత మెదక్ ఆకారానికి ఒక ఐడీ, అంటే గుర్తింపు పేరు, ఉంటుంది. రంగో లింకో ఆ ఐడీకి ముడిపడి ఉంటే, కొత్త ఆకారానికి అదే ఐడీ ఇవ్వగానే దానికీ వర్తిస్తుంది. ఒక ఫైలులో ఒక ఐడీ ఒక్కదానికే ఉండాలి కనుక, పేరు నిలబెట్టుకున్న మెదక్‌కే దాన్ని ఉంచి, సంగారెడ్డికీ సిద్దిపేటకూ వేరేవి ఇవ్వండి. అన్నట్టు, 2016 అక్టోబరు 11న ఏర్పడిన మీ సిద్దిపేటలో పాత కరీంనగర్, వరంగల్ జిల్లాల మండలాలు కూడా కొన్ని కలిశాయి. పాత మెదక్ తీసిన చోట కొత్త మూడూ అచ్చంగా ఇమడవు. ఇరుగుపొరుగు హద్దులూ దిద్దుకోవాలి.

‘సదిశ’ భౌతికశాస్త్రంలో మంచి మాట. దిశ కలది సదిశ, లేనిది అదిశ. కానీ పటం దగ్గర ‘సదిశ’ అంటే ఉత్తరం, దక్షిణం గుర్తులున్న పటమేమో అనిపిస్తుంది. ఇంగ్లీషులో అన్నిటికీ ‘వెక్టర్’ ఒకే మాట అయినంత మాత్రాన మనకూ ఒకే మాట ఉండాలని లేదు. మలేరియా దోమను మనం ‘వాహకం’ అంటాంగాని సదిశ అనం కదా. ‘వెక్టర్’ అనే ఉంచండి. అర్థం చెప్పాలంటే ముగ్గు చూపించండి. ఎక్కడ మొదలై ఎలా వంపు తిరిగి ఎక్కడ ముగుస్తుందో చెబితే, ఆ గీతను అరుగు మీదా వేయవచ్చు, వాకిలంతా పరిచీ వేయవచ్చు. వెక్టర్ బొమ్మ ఎంత పెంచినా చెదరకపోవడానికి కారణం అదే.

‘ఉచిత’ తప్పు కాదు, సగం నిజం. సంస్కృతంలో ఉచితమంటే తగినదని. సముచితం, సమయోచితం అందులోవే. తెలుగులో డబ్బు తీసుకోకుండా ఇచ్చేదని స్థిరపడింది. 2003లో సోడిపోడి అనే మరో బొమ్మల సాఫ్ట్‌వేర్ నుంచి చీలి పుట్టిన ఇంక్‌స్కేప్‌కు డబ్బు కట్టనక్కర్లేదు, నిజమే. దాని లైసెన్సు మాత్రం మూల కోడ్‌ను చూసి, దిద్ది, పంచుకునే హక్కునూ ఇస్తుంది. అది కూడా చెప్పదలిస్తే ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్’ అనండి.

కాబట్టి ఇలా రాయవచ్చు: ‘పటంలో పాత మెదక్‌ను తీసేసి, అక్కడ మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలను పెట్టి, ఫైలును సేవ్ చేయండి.’

‘దాచండి’ ఎందుకు తీసేశానంటే, డబ్బు దాచుకోవడంలో ఉన్న అర్థం ఇక్కడా పనికొస్తుంది గాని, ఇంక్‌స్కేప్‌లో ఆకారాలను కనబడకుండా దాచే ఏర్పాటు వేరే ఉంది. ఆ మాట దానికి ఉంచండి.