సీమలో సైకిల్‌కు ప్రశాంతమైన దారులా? ఉన్నాయి, కానీ పంపు మరిచిపోకండి

ప్రశ్న అడిగినవారు బెంగళూరులో ఉంటారట. విదేశాల్లో కొండల మధ్య, ద్రాక్షతోటల పక్కన, పాత ఊళ్ళ గుండా జనం సైకిళ్ళ మీద తిరిగే వీడియోలు చూశారట. కడప, కర్నూలు, అనంతపురం వైపు అలాంటి దారులు ఉన్నాయా అని అడిగారు. ఇప్పటిదాకా వచ్చిన జవాబులన్నీ ఒకటే పాట: గండికోట, గండికోట, గండికోట.

గండికోట బాగుండదని నేను అనను. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు, చివర్లో ఎర్రమల ఎక్కుడు, పైకి పోతే పెన్న లోయ. అంతా నిజమే. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఆ కోటకే వచ్చాడు. అప్పుడు అక్కడ మీర్ జుమ్లా సైన్యం ఉండేది. ఇప్పుడు శనాదివారాలు టెంట్లు, డ్రోన్లు, స్పీకర్లు ఉంటున్నాయి. మీరు అడిగిన ప్రశాంతత అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పైగా మెయిన్ రోడ్డు పట్టుకుంటే సిమెంటు లారీలు. లారీ వెళ్ళాక వచ్చే దుమ్ములో ఓ నిమిషం కళ్ళు మూసుకుని తొక్కాలి, ఎదురుగా ఇంకో లారీ రాకూడదని దేవుణ్ణి తలుచుకుంటూ.

నా లెక్కలో సీమలో సైకిల్‌కు కాలవ గట్టును మించిన దారి లేదు. ఎవరేమన్నా నేను ఒప్పుకోను. ముఖ్యంగా కేసీ కాలవ, అంటే కర్నూలు కడప కాలవ. 1863లో మొదలుపెట్టి 1870 ప్రాంతానికి పూర్తి చేశారు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు పట్టి కడప దాకా తెచ్చారు. తవ్విన ఇంగ్లీషు కంపెనీకి లాభాలు రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ కాలవను పొలాలకే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వారు. పడవ పోవాలంటే నీళ్ళు నిదానంగా పారాలి కదా. అందుకే గట్టు కూడా ఎక్కుడు దిగుడు లేకుండా సాగుతుంది. నాలాంటి నలభై ఏడేళ్ళ షుగరు మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

ద్రాక్షతోటలు అడిగారు. ద్రాక్ష పందిళ్ళు అనంతపురం వైపు అక్కడక్కడా ఉన్నాయి గానీ వాటి కోసం సైకిల్ వేసుకుని పోవడం దండగ. సీమ తోటంటే చీనీ తోట, అంటే బత్తాయి తోట, పులివెందుల వైపు పోతే కావలసినన్ని. తీగ తోటే కావాలంటే చెన్నూరు, వల్లూరు చుట్టుపక్కల తమలపాకు తోటలు చూడండి. అవిసె చెట్లు వరసగా నాటి, వాటి మీదికి తీగ పాకిస్తారు. పొద్దున్నే ఆ పక్కగా వెళ్తుంటే చల్లగా, ఘాటుగా ఒక వాసన వస్తుంది. బయట ఎండ కాస్తున్నా లోపల చీకటిగా ఉంటుంది. ఆకు కోసేవాళ్ళు అలవాటైన చేత్తో గబగబా కోసి కట్టలు కడుతుంటారు. ఫొటో తీయబోతే ఒకావిడ, "మేం పొద్దన్నుంచి నిలబడుకోని కోస్తాండాము, మీరు ఊరికే నిలబడుకోని చూస్తాండారు" అంది. ఫోను జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఇక నాకు జరిగింది చెప్తాను. సంక్రాంతి అయిన తర్వాతి ఆదివారం. కొత్తగా గేర్ల సైకిల్ కొన్నాను, సన్నటి టైర్లది. ఎంతకు కొన్నానో ఇంట్లో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. ఐదున్నరకు కడప నుంచి బయలుదేరి ఊరు దాటాక గట్టెక్కాను. పుష్పగిరి పోవాలని ఆలోచన. రోడ్డు మీదైతే పదహారు కిలోమీటర్లే, గట్టు మీద చుట్టూ తిరుగుడు. మంచు ఇంకా కరగలేదు. వరి కోతలు అయిపోయి మళ్ళలో గడ్డి వాములు. కాలవలో నీళ్ళు సన్నగా పోతున్నాయి. తూర్పున కొండలు నీలంగా, గీత గీసినట్టు. నాలుగైదు కిలోమీటర్లు మోటారు చప్పుడు వినలేదంటే నమ్మండి.

ఫోనులో మ్యాపు గట్టు దారి నేరుగా ఉందని చూపిస్తోంది. చూస్తే ముందు గట్టే లేదు. తూము దగ్గర కోసుకుపోయింది. పక్కన కంపచెట్ల మధ్య మేకలు పోయే దారి ఒకటి కనిపిస్తే అందులో దిగాను. కంప ముల్లు సంగతి తెలిసిన సీమ మనిషి ఎవరూ చేయని పని అది. నిమిషంలో వెనక చక్రం చప్పబడింది. తీసి చూస్తే ఒకటి కాదు, మూడు ముళ్ళు.

సంచిలో టైరు విప్పే పనిముట్లున్నాయి, రబ్బరు ముక్కలున్నాయి, సొల్యూషన్ ఉంది. పంపు మాత్రం ఇంట్లో తలుపు వెనక ఉంది.

సైకిల్ నెట్టుకుంటూ గట్టెక్కేసరికి ఒక పెద్దాయన కొడవలి పట్టుకుని ఎదురొచ్చాడు. డెబ్భై దాటి ఉంటాయి. ముందు నన్ను చూడలేదు, నా టైరును చూశాడు.

"ఏం నాయనా, ఇంత సన్నగుండాయే చక్రాలు, గాలి పోయిందా?"

"ముల్లు గుచ్చుకుంది తాతా. పంపు ఇంట్లో పెట్టి వచ్చినా."

"ఇంట్లో పెట్టుకుంటే ఇంట్లో ఉండే గాలి కొట్టుకుంటావా?"

నవ్వలేక నవ్వాను. ఆయన ఇదే కాలవ మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడట. రాత్రిళ్ళు లాంతరు తగిలించుకుని ఈ గట్టు మీదే సైకిల్ తొక్కేవాడట, ఎవరు దొంగచాటుగా తూము ఎత్తుతున్నారో చూడటానికి. "మాకేమన్నా పంపులిచ్చినారా? పంచరు అయితే ఏం జేసేవాళ్ళమో చూడు" అని మడిలోకి దిగి ఇంత వరిగడ్డి తెచ్చాడు. ఒక పక్క టైరు విప్పించి, ట్యూబు తీయించి, గడ్డిని పురి పెట్టి టైరు లోపల కుక్కడం మొదలుపెట్టాడు. వదులుగా పెడితే అణిగిపోతుందని మోకాలితో అదిమి, మళ్ళీ కుక్కి. నేను సాయం చేయబోతే "నువ్వు సైకిలు పట్టుకో చాలు" అన్నాడు. ముప్పావుగంట పట్టింది. మధ్యలో కాలవ కబుర్లు. ఏ ఏడు నీళ్ళు ఎప్పుడు వదిలారో, ఎవరి మడికి ఎవరు గండి కొట్టారో, కొట్టినవాడికీ మడిగలవాడికీ తర్వాత వియ్యం ఎలా కుదిరిందో. అవి ఇక్కడ రాయను, ఊళ్ళో వాళ్ళు చదువుతారు.

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "పుష్పగిరిలో నా పేరు చెప్పి దండం పెట్టు" అన్నాడు. పేరు అడిగితే, "దేవునికి తెలుసులే."

ఆ టైరు మీద ఆరేడు కిలోమీటర్లు తొక్కాను. సైకిల్ తొక్కినట్టు లేదు, ఎద్దుబండి లాగినట్టుంది. చక్రం తిరిగినప్పుడల్లా ధబ్ ధబ్. పక్కనుంచి గడ్డి పోచలు బయటికి వేలాడుతున్నాయి. ఒక ఊళ్ళో మేక ఒకటి వెంటపడి నిజంగానే నోరు పెట్టింది. పిల్లలు వెనకే పరిగెత్తారు. సీమ పల్లెల్లో సైకిల్ వేసుకుని పోతే ఎలాగూ "బండి లేదా సార్?" అని జాలిగా అడుగుతారు. ఇక్కడ సైకిల్ అంటే ఇంకా లేనివాళ్ళ సరుకే. గడ్డి టైరు చూశాక ఆ అడిగేవాళ్ళు కూడా అడగలేదు, తప్పుకుని దారిచ్చారు.

పుష్పగిరి చేరేసరికి తొమ్మిదిన్నర. ఊరు పెన్నకు ఒక గట్టున, చెన్నకేశవస్వామి గుడి అవతలి గట్టున. నీళ్ళు మోకాలి లోతు. సైకిల్‌ను ఇవతల వదిలి పోవడానికి మనసొప్పలేదు, భుజాన వేసుకుని దిగాను. బట్టలు ఉతుకుతున్న పెద్దావిడ చూసి, "సైకిలు మనిషిని మోయాల గానీ మనిషి సైకిలును మోస్తాండాడే!" అని పక్కావిడకు చెప్పింది. ఇద్దరూ నవ్వుకుంటుంటే నాకు కాళ్ళ కింద ఇసుక జారింది. ఇక్కడ ఒక మాట. పెన్నలో ఎక్కడంటే అక్కడ దిగకండి. ఇసుక తవ్వుకుపోయిన గుంతలుంటాయి, పైనుంచి నీళ్ళు ఒకేలా కనిపిస్తాయి. ఊరివాళ్ళు నడిచే చోటే నడవండి. వానాకాలంలో అయితే అసలు దిగవద్దు.

గుడిలో నేనూ, పూజారిగారూ, కోతులూ. గోడల నిండా రామాయణ భారత కథలు వరసలుగా చెక్కారు. వెనక వైపు నీడలో కూర్చుని ఒక్కో బొమ్మా చూస్తూ పోతే గంట ఎలా గడిచిందో తెలియలేదు. అమృతం బొట్టు పడిన కోనేట్లోకి హనుమంతుడు కొండను విసిరితే అది పువ్వులా తేలిందని, అందుకే పుష్పగిరి అని పూజారిగారు చెప్పారు. పాపఘ్ని, కుముద్వతి, వల్కల, మాండవి పెన్నలో కలిసే చోటని పంచనదీ క్షేత్రం అంటారని కూడా చెప్పారు. పేరు లేని లస్కరు తాత తరఫున దండం పెట్టాను. గుడి అడుగున పెన్న, ఎదురుగా ఊరు, చుట్టూ గుట్టలు. మీరడిగిన కొండలు, పాత ఊరు, ప్రశాంతత మూడూ ఒక్కచోట దొరికాయి. ఇంత దగ్గరలో ఇది పెట్టుకుని మావాళ్ళు సెలవులొస్తే ఊటీ టిక్కెట్లు ఎందుకు వెతుకుతారో నాకు అర్థం కాదు. మా ఇంట్లో కూడా ఇదే గొడవ.

మిగతా దారులు గబగబా చెప్పేస్తాను. కడప నుంచి సిద్ధవటం కోట, అక్కడి నుంచి ఒంటిమిట్ట బాగుంటుంది, కానీ పొద్దున ఎనిమిది లోపలే. అటు లంకమల అడవిలోనే, ఇక లేదనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనిపించింది. అది రాత్రి తిరిగే పిట్ట, మీకు కనిపించదు, ఆశ పెట్టుకోకండి. బనగానపల్లె నుంచి యాగంటి దారి మామిడి తోటల కోసమైనా పోవచ్చు. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి చూడదగ్గదే, దాని కోసం సైకిల్ అక్కర్లేదు, బస్సులో పోండి. మార్చి తర్వాత ఏ దారీ వద్దు. సీమ ఎండతో పంతాలు పెట్టుకోకూడదు.

తిరిగి వచ్చేటప్పుడు గట్టు వైపు చూడకుండా రోడ్డు పట్టుకున్నాను. దారిలో ఉగ్గాని బజ్జీ రెండు ప్లేట్లు తిన్నాను, షుగరు సంగతి ఆ పూటకు పక్కన పెట్టి. సాయంత్రం మా వీధి చివర పంచర్ షాపులో సైకిల్ ఇచ్చాను. ఆ అబ్బాయి టైరు విప్పి ఒక్క నిమిషం మాట్లాడలేదు. లోపలినుంచి గడ్డి తాడులాగా లాగుతూనే ఉన్నాడు, అది వస్తూనే ఉంది.

"పంచరుకు ముప్పై సార్" అన్నాడు చివరికి. "ఈ గడ్డి మీకు కావాలనా, మా బర్రెకేసేదా?"