పక్కింటి పిల్లి మా ఇల్లు వదలడం లేదు

ప్రశ్న: మాది పెద్ద ఇల్లు కాదు. నేను, మావారు, మామగారు ఉంటాం. పక్కింటివాళ్ల పిల్లి కొన్ని నెలలుగా రోజూ మా ఇంట్లోకి వస్తోంది. మొదట్లో ముద్దుగానే అనిపించేది. ఇప్పుడు మంచం మీద పడుకుంటోంది, మడతపెట్టిన బట్టల్లో దూరుతోంది. పోయిన వారం పరుపు మీద మూత్రం పోసింది. నాకు ఐదో నెల. పిల్లుల వల్ల కడుపులో బిడ్డకు ప్రమాదమని ఎవరో చెప్పారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. పక్కింటి ఆంటీకి చెబితే, ‘నోరులేని జీవం, దానికి మీ ఇల్లూ మా ఇల్లూ తేడా తెలుస్తుందా’ అని నవ్వేశారు. రెండోసారి చెబితే మాటలే మానేశారు. మామగారు దానికి రోజూ పాలు పోస్తారు. అత్తగారు పోయాక ఆయనకు అదే కాలక్షేపం. ‘ఇంత చిన్నదానికి గొడవెందుకు’ అంటారు మావారు. నేనొక్కదాన్నే మనసులేని మనిషినైనట్టు చూస్తున్నారు. ఎవరికీ తెలియకుండా దాన్ని దూరంగా ఎక్కడైనా వదిలేసి వద్దామా అని కూడా అనిపిస్తోంది. ఏం చేయమంటారు? (పేరు రాయవద్దు)

జవాబు: మీ చివరి మాటతోనే మొదలుపెడతాను. దాన్ని దూరంగా వదిలేసే ఆలోచన ఇక్కడితో ఆపేయండి. అది ఇంకొకరు పెంచుకుంటున్న జంతువు. అలా వదిలేసిన పిల్లులు కొన్ని కిలోమీటర్ల దూరం నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేస్తాయి, రాలేనివి దారిలో ఏ బండి కిందో పడతాయి. విషయం బయటపడితే పక్కింటావిడ సంగతి అటుంచండి, మీ మామగారి ముఖం మీరు చూడలేరు. కలరా ఉండలు పెట్టడం, ఫినాయిల్ చల్లడం కూడా వద్దు. రెండూ పిల్లికి విషమే. కలరా ఉండల వాసన ఈ సమయంలో మీకూ మంచిది కాదు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. కాబట్టి ఎవరైనా ఏదో మాత్ర కలిపి పెట్టమని సలహా ఇస్తే అక్కడే ఆపండి. నిద్ర లేనప్పుడు ఎంత మంచివాళ్లకైనా ఇలాంటి ఆలోచనలు వస్తాయి. దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు.

ఇక బిడ్డ గురించిన భయం. మీకు చెప్పినవాళ్లు సగమే చెప్పారు. వాళ్లు అన్నది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. గర్భిణికి అది మొదటిసారి సోకితే బిడ్డకు హాని జరగవచ్చు, అది నిజం. కానీ పిల్లి పక్కనుంచి వెళ్తేనో, దాని ఒంటిని తాకితేనో అంటుకునే జబ్బు కాదిది. ఎలుకనో పచ్చి మాంసాన్నో తిని మొదటిసారి ఆ ఇన్ఫెక్షన్ తెచ్చుకున్న పిల్లి, ఆ తర్వాత కొద్ది వారాలు మాత్రమే మలంలో దాని గుడ్లను వదులుతుంది. ఆ గుడ్లు కూడా మనకు సోకే దశకు రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. మూత్రం ద్వారా ఇది రాదు, కాబట్టి ఆ పరుపు గురించి ఈ భయం అక్కర్లేదు. నిజానికి సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, మట్టి పని చేసిన చేతులు... వీటి నుంచి సోకే అవకాశాన్ని చాలామంది పట్టించుకోరు. పిల్లి మలం మీరు ఎత్తకండి, ఇంట్లో ఇంకొకరు అదే రోజు తీసేయాలి. కుండీల్లో మట్టి ముట్టుకోవాల్సి వస్తే గ్లౌజులు వేసుకోండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు పిల్లి సంగతి డాక్టర్‌తో చెప్పండి. ఇదివరకే మీకు ఇది సోకి పోయిందా అన్నది రక్తపరీక్షతో తెలుస్తుంది, అది అవసరమా కాదా అన్నది వాళ్లు చెబుతారు. ఫోన్లో రాత్రంతా వెతకడం కంటే ఆ ఐదు నిమిషాలు మీకు ఎక్కువ మేలు చేస్తాయి.

ఇక అసలు విషయం. ఉత్తరం అంతా పిల్లి గురించే రాశారు. ‘మామగారు దానికి రోజూ పాలు పోస్తారు’ అన్నది మాత్రం మధ్యలో ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాకు మాత్రం మొత్తం అక్కడే ఉందనిపిస్తోంది. పిల్లి మీ ఇంటికి దారి తప్పి రావడం లేదు. దాన్ని మీ ఇంట్లోంచే ఒకరు రోజూ పిలుస్తున్నారు.

ఇది ఒప్పుకుంటే పక్కింటావిడ కోపం కూడా కొంచెం అర్థమవుతుంది. ఆవిడ వైపు నుంచి చూడండి. తన పిల్లి ఇంటికొచ్చి గిన్నె ముట్టదు, సగం రోజు కనిపించదు. ఎక్కడో ఎవరో తిండి పెడుతున్నారని పిల్లులు పెంచేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అలాంటప్పుడు మీరు వెళ్లి ‘మీ పిల్లిని అదుపులో పెట్టుకోండి’ అన్నారు. పెట్టేది మీరే, కోప్పడేది మీరే అని ఆవిడకు అనిపించి ఉండదా? నవ్వేయడం మర్యాద కాదు, నిజమే. కానీ ఈ విషయంలో న్యాయం కొంత ఆవిడ వైపు ఉంది. అందుకని మూడోసారి ఫిర్యాదుతో వెళ్లకండి. ముందు మీ ఇల్లు సర్దుకోండి.

మామగారితో మీరే మాట్లాడండి. మీవారి ద్వారా కబురు పంపితే కోడలు ఫిర్యాదు చేసిందని అవుతుంది. తోడు పోయిన మనిషికి రోజూ ఒకే వేళకు తన కోసమే వచ్చి, కాళ్లకు రాసుకుంటూ తిరిగే ప్రాణి అంటే మాటలు కాదు. ‘పిల్లికి పాలు మానేయండి’ అని మీరు అంటే ఆయన చెవికి అది ‘మీ ఒక్క సంతోషమూ మానేయండి’ అని వినిపిస్తుంది. పైకి సరేనంటారు. తెల్లవారుజామున మీరు లేవకముందే తలుపు కాస్త ఓరగా తీసి, గిన్నె కుండీ వెనక పెడతారు. దాంతో పరిస్థితి ఇంకా చెడుతుంది. ఎందుకంటే రోజూ కాకుండా ఎప్పుడో ఒకసారి పెడితే పిల్లి ఆశ చంపుకోదు, ఇంకా గట్టిగా గుమ్మం పట్టుకుని కూర్చుంటుంది.

కాబట్టి మీ ఇబ్బందితో మొదలుపెట్టకండి, పిల్లి మంచితో మొదలుపెట్టండి. ఇది ఎత్తుగడ కాదు, నిజంగానే ఆయనకు తెలియాల్సిన విషయం. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. మనం చిన్నప్పటినుంచీ బొమ్మల పుస్తకాల్లో చూసిన పాలగిన్నె పిల్లి వేరు, నిజం పిల్లి వేరు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన మన వంటలు దాని రక్తాన్నే దెబ్బతీస్తాయి. దానికి కిడ్నీ జబ్బో షుగరో ఉండి పక్కింటివాళ్లు ప్రత్యేకమైన తిండి పెడుతుంటే, మీ ఇంట్లో పెట్టే ప్రతి ముద్దా ఆ వైద్యాన్ని పాడుచేస్తుంది. ‘మావయ్యగారూ, దానికి మీరంటే ప్రాణం. కానీ ఈ పాలు దానికి పడవట. పైగా నాకు ఈ నాలుగు నెలలూ అది గదుల్లో తిరుగుతుంటే భయంగా ఉంది. మీరు దాన్ని చూడకుండా ఉండాలని నేను అనను. పక్కింటివాళ్లనడిగి అక్కడే కాసేపు ఆడించి వస్తారా?’ ఈ మాత్రం చాలు. అది ఇక్కడికి రావడం ఆగాలి, ఆయనే దాని దగ్గరికి వెళ్లాలి. దీనివల్ల ఆయనకు పిల్లి పోదు, రోజూ బయటికి వెళ్లి నలుగురితో రెండు మాటలు మాట్లాడే వీలూ దొరుకుతుంది. ఆయన అసలు లోటు అదే అని నా అనుమానం.

మీవారి సంగతి. ‘చిన్నదానికి గొడవెందుకు’ అనే మాట మిమ్మల్ని పిల్లికంటే ఎక్కువ బాధపెట్టిందని మీ ఉత్తరమే చెబుతోంది. నన్ను అర్థం చేసుకోండి అని అడిగితే ఆయన మళ్లీ అదే అంటారు. పని చెప్పండి. కిటికీలకు మెష్ ఈ ఆదివారం బిగించాలి. పరుపు ఆయనే శుభ్రం చేయాలి. పిల్లి మలం ఎక్కడ కనిపించినా ఆయనే తీయాలి, ఎందుకో డాక్టర్ ముందే ఆయనకు వినిపించండి. వారం రోజులు ఆ పని చేశాక అది చిన్న విషయమో పెద్దదో ఆయనకే తెలుస్తుంది.

పరుపు గురించి ఇంకో మాట. నీళ్లతో తుడిచి సెంటు కొడితే మనకు వాసన పోతుందేమో, దానికి పోదు. మళ్లీ అక్కడికే వస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వాడితే మూత్రం వాసనలాగే ఉండి ఇంకా పిలిచినట్టవుతుంది. పెంపుడు జంతువుల మూత్రం కోసమే ఎంజైమ్ ఉన్న క్లీనర్లు దొరుకుతాయి, అవి వాడమనండి.

ఇవన్నీ అయ్యాక పక్కింటికి వెళ్లండి. ఒంటరిగా కాదు, మామగారితో కలిసి. మొదటి మాట మీ తప్పు ఒప్పుకోవడం కావాలి. ‘ఆంటీ, మేం పాలు పోయడం వల్లే అది మా ఇంటికి అలవాటు పడింది. మిమ్మల్ని అడగకుండా పెట్టాం. ఇక పెట్టం.’ ఆ తర్వాత మూత్రం సంగతి చెప్పండి. ఫిర్యాదులా కాకుండా, దాని ఆరోగ్యం గురించి చెబుతున్నట్టు చెప్పండి. ఎందుకంటే గోడకో తలుపుకో నిలువుగా చిమ్మితే అది హద్దు గుర్తు పెట్టుకోవడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగపిల్లులు ఎక్కువగా చేసే పని. ఆపరేషన్ చేయిస్తే ఎక్కువ వాటిలో తగ్గిపోతుంది. అలా కాకుండా మెత్తటి పరుపు మీద కూర్చుని మడుగు కట్టిందంటే మూత్రనాళంలో ఏదో ఇబ్బంది ఉండొచ్చు. మగపిల్లి అయి, మూత్రం కోసం ముక్కుతూ చుక్క కూడా రాకపోతే అది గంటలు లెక్కపెట్టాల్సిన అత్యవసరం. పెంచుకునేవాళ్లకు ఇది తప్పక తెలియాలి. తన పిల్లి బాగు కోరి ఒక మనిషి గుమ్మంలో నిలబడితే నవ్వేయడం ఎవరికైనా కష్టం.

అడగాల్సినవి కూడా అప్పుడే అడిగేయండి. టీకాలు, నులిపురుగుల మందు వేయిస్తున్నారా? తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడే వేళ, అంటే పిల్లులు ఎక్కువగా తిరిగే సమయాల్లో దానికి ఇంట్లోనే తిండి పెట్టి ఉంచగలరా? మామగారు వచ్చి కాసేపు ఆడించవచ్చా? దాన్ని కట్టేయమని మాత్రం అడగకండి. ఆవిడ చేయలేరు, చేయకూడదు కూడా.

పాలు మానేసిన మొదటి కొన్ని రోజులు అది ఇదివరకటికంటే గట్టిగా అరుస్తుంది, తలుపు గీకుతుంది. చాలామంది అక్కడే ఓడిపోతారు. ‘పాపం, ఈ ఒక్కసారికి’ అని పెట్టారంటే, ఇంకా గట్టిగా అరిస్తే దొరుకుతుందని దానికి మీరే నేర్పినట్టు. పిలవకండి, నిమరకండి, కళ్లలోకి చూసి మాట్లాడకండి, తిట్టను కూడా తిట్టకండి. లోపలికి వచ్చేస్తే బయటికి దారి తెరిచిపెట్టి మీరు పక్కకు తప్పుకోండి. గదిలో పెట్టి కొడితే పిల్లైనా పులవుతుందని ఊరికే అనలేదు. ఒకవేళ కరిచినా రక్కినా పావుగంట పాటు ధారగా పారే నీళ్లలో సబ్బుతో కడిగి, అదే రోజు డాక్టర్‌కి చూపించండి. పిల్లి పళ్లు సన్నగా, లోతుగా దిగుతాయి. పైకి చిన్న చుక్కలా కనిపించినా లోపల చీము పట్టొచ్చు. రేబీస్ సంగతి కూడా చూసుకోవాలి. చిన్న గాయమే కదా అని ఊరుకోవద్దు.

ఇన్ని చేసినా ఆవిడ ముఖం తిప్పుకుంటే? తిప్పుకోనివ్వండి. మెష్ మీ చేతిలో ఉంది, తలుపు మీ చేతిలో ఉంది, తిండి ఆపడం మీ చేతిలో ఉంది. ఆవిడ సాయం చేస్తే వారాల్లో అయ్యే పని, చేయకపోతే ఇంకొంత కాలం పడుతుంది, అంతే. మీ తరఫున మర్యాదగా మాట్లాడేశారు కాబట్టి ఆ తర్వాత తప్పు చేసిన భావంతో కుంగిపోకండి.

ప్రసవానికి ఇంకా నాలుగు నెలలుంది, అలవాటు మాన్పించడానికి సరిపోయే సమయమే. పిల్లి పసిపిల్లల ఊపిరి తాగేస్తుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. అసలు జాగ్రత్త వేరు. వెచ్చగా ఉందని అది బిడ్డ పక్కలోకి దూరితే ప్రమాదం. అందుకని ఉయ్యాలో మంచమో ఇప్పుడే తెచ్చి పెడుతున్నట్టయితే ఆ గది తలుపు నేటినుంచే మూసి ఉంచండి. ఖాళీ ఉయ్యాలలో నిద్రకు ఒకసారి రుచి మరిగిందంటే, మీరు బిడ్డతో ఇంటికొచ్చాక దాన్ని అక్కడినుంచి లేపడం ఇంకా పెద్ద పనవుతుంది. ఆ గది తాళంచెవి మామగారికే ఇవ్వండి. మనవడో మనవరాలో వచ్చే గదికి కాపలా అంటే ఆయన కాదనరు.