బాణం తీసేసి భూచక్రం పెట్టు

హన్మకొండ

బిడ్డా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాషకు వంక పెట్టను. కానీ "సూర్యుడు విసిరిన కణాలు బాణాల్లా సూటిగా భూమికి తగులుతాయి" అన్న మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ముప్పై ఏళ్ల కింద నేనూ అచ్చం ఇదే రాశాను. ఒక ఫిజిక్స్ లెక్చరర్ కార్డు ముక్క మీద అడిగారు: "సూటిగా వస్తే, సూర్యబింబం నడుమ జరిగిన పేలుడు కంటే పడమటి పక్క జరిగిన పేలుడు కణాలే మనకు తేలిగ్గా ఎందుకు చేరుతున్నాయి?" వారం రోజులు తిప్పలు పడ్డాను.

దీపావళికి భూచక్రం కాల్చే ఉంటావు. ఏ రవ్వకారవ్వ తిన్నగానే ఎగురుతుంది. చక్రం తిరుగుతుంది గనక రవ్వల వరుస వంపుగా కనబడుతుంది. సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే కణాల గాలి, అదే సౌర పవనం, అదీ అంతే. సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో తిన్నగానే పోతుంది. సూర్యుడేమో మన లెక్కన 27 రోజులకో చుట్టు తిరుగుతాడు. దాంతో ఆ గాలి ఈడ్చుకొచ్చే అయస్కాంత రేఖలు వంగిపోతాయి. 1958లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త యూజీన్ పార్కర్ చెప్పింది ఇదే. భూమి దగ్గర ఆ వంపు దాదాపు 45 డిగ్రీలు. పేలుడు విసిరే ప్రోటాన్లకు, ఎలక్ట్రాన్లకు విద్యుదావేశం ఉంది కదా, రేఖ చుట్టూ మెలికలు తిరుగుతూ దాని వెంటే రావాలి. మన దాకా వచ్చే రేఖ మొదలు సూర్యుడి పడమటి పక్కనే ఉంటుంది.

మేడారం పోలిక మాత్రం తీసెయ్యకు, అది నీ సొంతం. ఒకే బస్సు దిగినా గద్దెల దగ్గరికి తలా ఒక వేళకు చేరతారన్నావు, మంచిగుంది. పది కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ప్రోటాన్ అడ్డు లేకుంటే అరగంటలోపే రావాలి. దారిలో రేఖల ముడతలు కొన్ని కణాలను పక్కకు, కొన్నిటిని వెనక్కి తిప్పేస్తాయి. కణాల లెక్క గబుక్కున పెరిగి, నెమ్మదిగా తగ్గడానికి అదొక కారణం. అయితే జాతరలో మనిషిని మనిషే నెడతాడు. అంతరిక్షంలో కణాన్ని కణం గుద్దుకోవడం దాదాపు ఉండదు, నెట్టేది అయస్కాంత క్షేత్రం. ఆ తేడా ఒక్క వాక్యంలో నువ్వే ఒప్పుకో, లేకుంటే నాకొచ్చినట్టే నీకూ కార్డు వస్తుంది.

ఇంకొకటి. సూర్యుణ్ని గమనించే మన నౌక ఆదిత్య ఎల్1 బయలుదేరింది 2023 సెప్టెంబర్ 2న, భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతలి కక్ష్యలో చేరింది 2024 జనవరి 6న. రెండు తేదీలూ కలిపేశావు. దిద్ది ఆదివారంలోగా పంపు, ఆ తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది.