తిల్లానా మధ్యలో కెమెరా ఆగిపోయింది

ప్రశ్న: మైలాపూర్‌లో మా అమ్మాయి కూచిపూడి ప్రదర్శనను 4కెలో తీస్తుంటే కెమెరా రెండుసార్లు దానంతటదే ఆగిపోయింది. సెట్టింగు సెకనుకు 100 మెగాబిట్లు. కార్డు మీద ‘సి’ అక్షరంలో 10 అని ఉంది. తప్పు కెమెరాదా, కార్డుదా?
– ఒక తల్లి, చెన్నై

జవాబు: కెమెరాను అప్పుడే రిపేరుకు ఇవ్వకండమ్మా. నాకు కార్డు మీదే అనుమానం. ఆ 10కి అర్థం సెకనుకు కనీసం 10 ఎంబీ (మెగాబైట్లు) రాస్తానన్న హామీ. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక మీ సెట్టింగుకు సెకనుకు 12.5 ఎంబీ కావాలి. అందుకోలేకే ఆగి ఉంటుంది.

‘వి30’ అని ఉన్న కార్డు తీసుకోండి, అది 30 ఎంబీకి తగ్గదు. అట్ట మీద పెద్దక్షరాల్లో కనిపించే వేగం చాలాసార్లు చదివే వేగమే, దాన్ని చూసి మోసపోవద్దు. గంటకు 45 జీబీ పడుతుంది కనుక 128 జీబీ అయితే రెండు గంటల కచేరీకి సరిపోతుంది.

మీ ఊళ్లో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో కొన్నా సరే, బిల్లు అడగండి. ఇంటికొచ్చాక కార్డు నిండా ఫైళ్లు ఎక్కించి, చివరివి తెరిచి చూడండి. ఒకసారి చవకగా దొరికిందని నేను నకిలీ కార్డు కొన్నాను. మా చెల్లెలి సీమంతం వీడియోల్లో గాజులు తొడిగే ఘట్టం దాకా వచ్చాయి, ఆపైన ఒక్కటీ తెరుచుకోలేదు. ఆ బాధ మీకొద్దు.